థండాయ్: చిక్కదనం గింజల్లోంచి రావాలి

హోలీ దగ్గర పడుతోందంటే చాలు, ఎక్కడ చూసినా థండాయ్ అనే చల్లటి పానీయం చేసే పద్ధతులే. చాలావాటిలో ఒకటే తంతు. పాలు మరిగించి కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒంపుతారు, లేదంటే ఫ్రెష్ క్రీమ్, కాదంటే కస్టర్డ్ పొడి. పైన ఒక చెంచా మసాలా పొడి చల్లుతారు. తాగితే బాగానే ఉంటుంది కానీ అది మసాలా వేసిన తీపి పాలు మాత్రమే. థండాయ్ చిక్కదనం పాలలోంచి రాదు. నానబెట్టి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వేసి పిండిన బాదం, పుచ్చగింజలు, గసగసాల్లోంచి వస్తుంది. ఈ ఒక్కటి ఒప్పుకుంటే మిగతా పనంతా దానంతట అదే దారిలో పడుతుంది. ఏది ఎంతసేపు నానాలి, ఏది ముందు రుబ్బాలి, పాలు ఎంత కాగాలి అన్నవన్నీ ఆ గింజల పాల కోసమే.

థండాయ్ ఉత్తరాదిది. కాశీలోనూ, మథుర వైపూ మహాశివరాత్రికి, హోలీకి ఇది లేకుండా పండగ జరగదు. మన పంచాంగం ప్రకారం మాఘ బహుళ చతుర్దశి నుంచి ఫాల్గుణ పూర్ణిమ దాకా, అంటే చలి వెళ్లిపోయి ఎండ ముదురుతున్న రోజులన్నమాట. చల్లగా ఉంటూనే గొంతులో మిరియం తగిలే పానీయం ఆ రుతువుకు సరిగ్గా సరిపోతుంది. భంగు (గంజాయి ఆకుల ముద్ద) కలపడం కూడా అక్కడి ఆచారంలో భాగమే. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం గంజాయి నిర్వచనంలోంచి విడి ఆకులను వదిలేసింది. వాటి సంగతి రాష్ట్రాలు చూసుకుంటాయి. ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు దుకాణాల్లో అమ్ముతారు, అన్నిచోట్లా అలా కుదరదు. ఈ వ్యాసంలో చెప్పేది భంగు లేని సాదా థండాయ్ గురించే. వేరేచోట భంగు కలిపినది చేతికి వస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. కడుపులోకి వెళ్లిన భంగు పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని రెండో గ్లాసు ఎత్తడం వల్లే చాలామంది ఇబ్బంది పడతారు.

ఇక కొలతలు. ఇవి సుమారు 200 మి.లీ. గ్లాసులు ఆరింటికి సరిపోతాయి.

ఫుల్ క్రీమ్ పాలు 1 లీటరు
బాదం 50 గ్రాములు (దాదాపు 40 పప్పులు)
పుచ్చగింజల పప్పు 25 గ్రాములు
గసగసాలు 20 గ్రాములు (రెండు టేబుల్ స్పూన్లు)
సోంపు 12 గ్రాములు (రెండు టేబుల్ స్పూన్లు)
మిరియాలు 3 గ్రాములు (ఒక టీస్పూను)
పచ్చ యాలకులు 8
ఎండు గులాబీ రేకులు రెండు టేబుల్ స్పూన్లు
కుంకుమపువ్వు 20 రేకలు
పటిక బెల్లం లేదా చక్కెర 90 గ్రాములు
మసాలాలు నానబెట్టడానికి, రుబ్బడానికి కలిపి మంచినీళ్లు 200 మి.లీ.

ఒక చిన్న లెక్క చూడండి. బాదంలో సగం బరువు కొవ్వే. పుచ్చగింజల్లో, గసగసాల్లో కూడా దాదాపు అంతే, కాస్త తక్కువ. పై కొలతలో గింజల నుంచి సుమారు 45 గ్రాముల కొవ్వు వస్తుంది. ఒక లీటరు టోన్డ్ పాలలో ఉండేది 30 గ్రాములే, ఫుల్ క్రీమ్‌లో 60. పిప్పితో పాటు కొంత పోయినా, గింజలు ఇచ్చే చిక్కదనం టోన్డ్ పాలకు ఏమాత్రం తీసిపోదు. పైగా ఆ నూనె గింజలో సన్నని బొట్లుగా, మాంసకృత్తుల పొర చుట్టుకుని ఉంటుంది. గింజ నీటిలో నలిగినప్పుడు ఆ బొట్లు అలాగే నీటిలోకి చేరి తెల్లటి పాలవుతాయి. క్రీమ్ నాలుక మీద అంటుకుపోతుంది. ఇది అలా అంటుకోదు, జారిపోతుంది. థండాయ్‌కి కావలసింది ఈ జారుడు చిక్కదనమే.

గింజలు కొనేటప్పుడు కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే చెడ్డ గింజను తరువాత ఏ మసాలా దాచలేదు. పుచ్చగింజల పప్పు కిరాణా కొట్లో మగజ్ అని అడిగితే ఇస్తారు. చార్ మగజ్ అంటే పుచ్చ, కర్బూజ, దోస, గుమ్మడి గింజల పప్పుల కలగలుపు. పేరు అదే అయినా పొట్లంలో ఒకటి రెండు రకాలే ఉండటం మామూలే, దానివల్ల నష్టమేమీ లేదు. ఈ పప్పులకు నూనె ముక్కిపోయే గుణం చాలా ఎక్కువ. వాడే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని బాగా నమలండి. మొదట తియ్యగా ఉండి, చివర్లో పాత రంగు డబ్బా లాంటి వాసన గొంతులో నిలిస్తే ఆ పొట్లం పక్కన పెట్టేయండి. గసగసాలకూ ఇదే పరీక్ష. వాటిలో ఇసుక కూడా ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి చేత్తో కలిపి, తేలిన గింజలను మాత్రమే సన్నని జల్లెడలోకి ఒంపుకోండి. అడుగున మిగిలినదాన్ని చూస్తే ఆ పని ఎందుకో తెలుస్తుంది. మూడు సార్లు అలా కడగాలి.

గసగసాల గురించి ఇంకో మాట, విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం. యూఏఈ, సౌదీ అరేబియా, సింగపూర్‌లలో గసగసాలు నిషిద్ధం. బ్యాగులో వేసుకుని వెళ్తే నిజంగా చిక్కుల్లో పడతారు. అక్కడున్నవాళ్లు గసగసాలు మానేసి పుచ్చగింజలు 35 గ్రాములకు పెంచి, 15 గ్రాముల జీడిపప్పు చేర్చుకోండి. గసగసాల మట్టి వాసన ఉండదు గానీ చిక్కదనం వస్తుంది. ఉద్యోగరీత్యా మాదకద్రవ్య పరీక్షలు చేయించుకోవలసిన వాళ్లు కూడా ఇలాగే చేయడం క్షేమం. గసగసాల మీద ఉండే కొద్దిపాటి మార్ఫిన్ మూత్ర పరీక్షలో పట్టుబడే అవకాశం ఉంది.

జీడిపప్పు మామూలు థండాయ్‌లో వద్దని నా అభిప్రాయం. అందులోని పిండి పదార్థం పానీయాన్ని పాయసంలా బరువెక్కిస్తుంది, సోంపు వాసనను కూడా మూసేస్తుంది. పిస్తా రుబ్బులో వేస్తే రంగు బూడిద పచ్చగా మారుతుంది. అది పైన చల్లడానికే ఉంచండి.

మసాలాలలో సోంపు పెద్దన్న. లావుపాటి పసుపు గింజలకంటే సన్నగా పచ్చగా ఉండే రకం తియ్యగా ఉంటుంది. వేయించకూడదు. వేయిస్తే అది పాన్ దుకాణం వాసన అవుతుంది, పచ్చి సోంపు ఇచ్చే చల్లదనం పోతుంది. యాలకులను వలిచి గింజలను రుబ్బుకు ఉంచి, తొక్కలను పాలలో వేసి కాచండి. తొక్కతో సహా రుబ్బితే పీచు, దానితో పాటు వగరు కూడా వస్తాయి. మిరియాలు కొట్టగా వచ్చిన పాత పొడి వద్దు, గింజలే నానబెట్టాలి. రంగు తెల్లగా రావాలని కొందరు తెల్ల మిరియాలు వేస్తారు. వాటి వాసన పశువుల కొట్టాన్ని గుర్తుచేస్తుంది, చల్లటి పాలలో ఆ వాసన దాగదు. నల్లవే వేయండి.

గులాబీ రేకుల విషయంలో రాజీ పడకండి. పూలకొట్లో దొరికే పొడుగు కాడల గులాబీల మీద పురుగుమందులు ఉంటాయి, పైగా వాటికి వాసనే ఉండదు. తినడానికని అమ్మే ఎండు పన్నీరు గులాబీ రేకులు తెచ్చుకోండి. దొరకకపోతే చివర్లో మంచి పన్నీరు (రోజ్ వాటర్) ఒక టీస్పూను వేస్తే సరిపోతుంది. గులాబీ ఎసెన్సు ఒక్క చుక్క ఎక్కువైతే సబ్బు నీళ్లు తాగినట్టుంటుంది. కుంకుమపువ్వు అసలుదైతే గోరువెచ్చని పాలలో వేసిన పది నిమిషాలకు నెమ్మదిగా పసుపు రంగు దిగుతుంది, రేక మాత్రం ఎర్రగానే ఉంటుంది. వేసీ వేయగానే ఎర్ర రంగు కారి రేక తెల్లబోయిందంటే అది రంగేసిన పీచు. మరీ ఎక్కువ వేయకండి, కుంకుమపువ్వుకు సహజంగానే చేదు ఉంది.

నానబెట్టడం మూడు గిన్నెల్లో జరగాలి. ఒక దాంట్లో బాదం. రెండో దాంట్లో కడిగిన గసగసాలు, పుచ్చగింజలు. మూడో దాంట్లో సోంపు, మిరియాలు, గులాబీ రేకులు, 100 మి.లీ. మంచినీళ్లతో. విడివిడిగా ఎందుకంటే, బాదం నీళ్లు పారబోయాలి, గసగసాల నీళ్లు పారబోయాలి, మసాలాల నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదు. బాదం తొక్కలోని వగరు, గోధుమ రంగు ఆ నీటిలోకి దిగుతాయి. సోంపు, గులాబీల సువాసన ఈ నీటిలోకి దిగుతుంది. అన్నీ ఒకే గిన్నెలో వేసి నానబెడితే ఏ నీళ్లు ఉంచుకోవాలో, ఏవి పారబోయాలో తెలియదు.

బాదానికి ఎనిమిది గంటలు, గసగసాలకు కనీసం నాలుగు, మసాలాలకు మూడు గంటలు చాలు. హోలీ నాటికి ఎండలు మొదలవుతాయి కాబట్టి రాత్రంతా నానేవి ఫ్రిజ్‌లో పెట్టండి. వంటింటి గట్టు మీద వదిలేస్తే పొద్దున్నకి నీటి మీద నురుగు, ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన. అలాంటివి వాడకూడదు, కడిగినా ఆ రుచి పోదు. ముందురోజు మరిచిపోతే బాదం మీద మరిగే నీళ్లు పోసి రెండు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి తొక్క తీసేయండి. తొక్క ఊడి వస్తుంది గానీ పప్పు లోపలి దాకా నానదు, కాబట్టి తొక్క తీశాక మళ్లీ వేడినీళ్లలో ఒక గంట ఉంచాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు రెండుగా విరిగి, విరిగినచోట తెల్లగా తడిగా కనిపించాలి. మధ్యలో పొడిగా ఉంటే ఇంకా నానాలి.

రుబ్బడం దగ్గరే చాలామంది థండాయ్ పాడవుతుంది. సన్నికల్లు ఉండి, ఓపిక ఉంటే దానికి మించింది లేదు. పొత్రం కింద గసగసం తప్పించుకోలేదు. మిక్సీలో మాత్రం తప్పించుకుంటుంది. ఒక మిల్లీమీటరు గింజ, నీళ్లు ఎక్కువైతే బ్లేడు చుట్టూ తిరుగుతూ ఉంటుందే తప్ప నలగదు. అందుకే క్రమం ముఖ్యం. చిన్న చట్నీ జారు తీసుకుని ముందుగా గసగసాలు, సోంపు, మిరియాలు, గులాబీ రేకులు, యాలకుల గింజలు వేయండి. మసాలాలు నానిన నీటిలోంచి నాలుగు టేబుల్ స్పూన్లు మాత్రమే పోయండి. ముద్ద బ్లేడుకు అందేంత తడి ఉంటే చాలు. ఇరవై సెకన్లు తిప్పి ఆపి, గోడలకు అంటినదాన్ని గరిటెతో కిందికి లాగి, మళ్లీ ఇరవై సెకన్లు. ఇలా నాలుగైదు సార్లు. కాస్త ముద్ద వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఇసుకలా తగిలితే ఇంకా కావాలి.

అది మెత్తబడ్డాకే పుచ్చగింజలు, ఆ తరువాత తొక్క తీసిన బాదం. బాదం ముందే వేస్తే అది త్వరగా వెన్నలా మారి, గట్టి గింజలకు మెత్తటి పరుపులా అడ్డుపడుతుంది. ఇప్పుడు మిగిలిన మసాలా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. పాలు పోసి రుబ్బకండి. మిక్సీలో పాలు నురగెత్తిపోయి, ముద్ద ఎంత మెత్తబడిందో కనిపించనివ్వవు.

జారు వేడెక్కకుండా చూసుకోవడం ఇంకో సంగతి. ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిప్పితే ముద్ద వెచ్చబడి బాదంలోని నూనె విడిపోతుంది. అంచుల్లో పసుపు రంగు మెరుపు కనిపిస్తే అదే. పూర్తిగా విడిపోయిన నూనె పాలలో కలవదు, గ్లాసు పైన బొట్లుగా తేలుతుంది. ఎండ రోజుల్లో జారును ముందే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, నీళ్లు కూడా చల్లటివే పోస్తే ఆ బాధ ఉండదు. కాస్త విడిపోయినట్టు కనిపిస్తే వెంటనే ఆపి, రెండు మూడు చెంచాల ఐసు నీళ్లు పోసి కొద్దిసేపు తిప్పితే చాలావరకు మళ్లీ కలుస్తుంది.

రుబ్బు ఎంత మెత్తగా ఉండాలనడానికి కారణం నాలుక మీద గరుకు ఒక్కటే కాదు. గ్లాసులో పోసి పక్కన పెట్టిన థండాయ్ ఎంతసేపట్లో అడుగుకు దిగిపోతుందన్నది కూడా రేణువు సైజు మీదే ఆధారపడుతుంది. రేణువు సగానికి తగ్గితే అది దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. గరుకుగా రుబ్బినది పది నిమిషాల్లో పైన నీళ్ల పాలుగా, అడుగున మసాలా బురదగా విడిపోవడానికి కారణం ఇదే.

ఈలోగా పాల సంగతి. మందపాటి గిన్నెను ముందు నీళ్లతో తడిపి పాలు పోస్తే అడుగంటడం తగ్గుతుంది. యాలకుల తొక్కలు వేసి కాచండి. పొంగు వచ్చాక సన్నని మంట మీద ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంచి దించేయండి. లీటరు పాలు అరలీటరు అయ్యేదాకా మరిగించకూడదు. అలా చేస్తే కోవా వాసన వచ్చి, మసాలా ఎంత వేసినా రబ్రీలాగే అనిపిస్తుంది. దించిన వెంటనే పటిక బెల్లం వేసి కరిగించండి. పటిక బెల్లం పలుకులు నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి ముందే దంచి పెట్టుకోండి. బెల్లం వేయాలనుకునేవాళ్లు జాగ్రత్త. వేడి పాలలో బెల్లం వేస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది. పాలు పూర్తిగా చల్లారాక వడకట్టిన చల్లటి బెల్లం పాకం కలపాలి. అయినా బెల్లం రుచి గులాబీని మింగేస్తుందని నాకనిపిస్తుంది.

కాచిన పాలను అలా వదిలేస్తే మీగడ కడుతుంది, ఆ తునకలు తరువాత గ్లాసులో తేలతాయి. వెడల్పాటి పళ్లెంలో చన్నీళ్లు పోసి గిన్నెను అందులో పెట్టి, అప్పుడప్పుడు కలుపుతూ చల్లార్చండి. పావుగంటలో గోరువెచ్చన అవుతాయి. అప్పుడు రెండు చెంచాల పాలు తీసి కుంకుమపువ్వు నానబెట్టండి, మిగిలినవి తొక్కలు పోయేలా వడకట్టండి.

ఇక పిండటం. టీ జల్లెడ ఇక్కడ పనికిరాదు, దాని కన్నాల్లోంచి గసగసాల పొట్టు హాయిగా దిగిపోతుంది. పలచటి నూలు గుడ్డ కావాలి. గంజి, సబ్బు వాసన లేకుండా వేడినీళ్లలో జాడించి గట్టిగా పిండి వాడండి. రుబ్బులో మిగిలిన 100 మి.లీ. నీళ్లు కలిపి గుడ్డలో పోసి, మూట కట్టి మెలితిప్పుతూ పిండాలి. మొదటిసారి చిక్కటి పాలు వస్తాయి. తరువాత పిప్పిని మళ్లీ జారులో వేసి, చల్లార్చిన పాలలోంచి ఒక కప్పు పోసి పది సెకన్లు తిప్పి రెండోసారి పిండండి. రెండోసారి పాలే పోయడానికి కారణం మిరియం. మిరియంలోని ఘాటు నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లతో పిండితే ఘాటులో చాలా భాగం పిప్పిలోనే ఉండిపోతుంది. పాలు దాన్ని లాక్కొస్తాయి. చేతిలోని పిప్పి పొడిపొడిగా, రంపపు పొట్టులా అనిపించేదాకా పిండండి.

ఇప్పుడు ఈ గింజల పాలను చల్లటి పాలలో పోసి, కుంకుమపువ్వు పాలు కలిపి, కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పాలు కాగుతున్నప్పుడు ఈ రుబ్బు వేయవద్దు. వేడికి బాదంలోని మాంసకృత్తులు గడ్డకట్టి సన్నని పలుకులవుతాయి, గులాబీ వాసన ఆవిరితో పోతుంది. ఒక మినహాయింపు మాత్రం ఉంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు, బాగా పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు పచ్చి రుబ్బు కంటే కాచినది క్షేమం. వాళ్ల కోసం పాలలో గింజల పాలు కలిపి, కలుపుతూ ఐదు నిమిషాలు సన్నగా మరగనిచ్చి, చల్లార్చి మళ్లీ గుడ్డలో వడకట్టండి. రుచి కాస్త పాయసం వైపు జరుగుతుంది, అది తప్పదు. బాదం లాంటి పప్పులు పడనివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ముందే చెప్పండి. వడకట్టినా ఆ గుణం పోదు.

ఆ నాలుగు గంటలు చల్లబడటానికి మాత్రమే అనుకోకండి. అప్పుడే పిండినప్పుడు రుచి చూస్తే సోంపు ఒకవైపు, మిరియం ఒకవైపు విడివిడిగా కొడతాయి. మిరియం ఘాటు పాల కొవ్వులోకి నెమ్మదిగా చేరుతుంది. అందుకే మర్నాటికి అదే థండాయ్ ఇంకా ఘాటుగా ఉంటుంది. ముందురోజు చేసిపెట్టేట్టయితే మిరియాలు 2 గ్రాములు చాలు. పిల్లలకైతే ఒకటిన్నర గ్రాము.

తీపి సంగతి చల్లబడ్డాకే తేల్చాలి. చలువకు నాలుక తీపిని తక్కువగా పట్టుకుంటుంది. వెచ్చగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించిన పాలు ఫ్రిజ్‌లోంచి తీశాక చప్పగా తోస్తాయి. నేను చెప్పిన 90 గ్రాములు చల్లటి థండాయ్‌కి లెక్క, వెచ్చగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువే అనిపించాలి. తక్కువైతే చక్కెర పొడి కలుపుకోండి, గింజ చక్కెర చల్లటి పాలలో త్వరగా కరగదు. సరిగ్గా కుదిరిన థండాయ్‌లో ముందు బాదం తగలాలి, మింగుతుంటే సోంపు, యాలకులు, మింగేశాక గొంతు వెనుక మిరియం. మిరియం మొదటే తగిలితే ఎక్కువైనట్టు, అసలు తగలకపోతే బాదం పాలు చేసినట్టు.

ఇచ్చేముందు గిన్నె అడుగు దాకా గరిటె పోనిచ్చి బాగా కలపండి, ప్రతి గ్లాసుకూ. ఐసు ముక్కలు వేస్తే ఐదు నిమిషాల్లో మీరు పిండిన చిక్కదనమంతా పలచబడిపోతుంది. కొంచెం థండాయ్‌నే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి ఆ ముక్కలు వేయండి. గ్లాసులను ముందే ఫ్రిజ్‌లో పెట్టినా చాలు. పైన సన్నగా తరిగిన పిస్తా, రెండు గులాబీ రేకులు. అంతకుమించి అలంకారం అక్కర్లేదు, నోటికి అడ్డం.

తేడా వస్తే ఎక్కడ చూడాలో కూడా చెప్పాలి. చేదుగా ఉంటే ముందు గింజలను అనుమానించండి. ముక్కిన పుచ్చగింజలు, తొక్క పూర్తిగా తీయని బాదం, ఎక్కువైన కుంకుమపువ్వు, ఈ వరుసలో. బాదంలో ఒక్కటి చేదు పప్పు పడినా మొత్తం తెలుస్తుంది, దానికి మందు లేదు. పలచగా వచ్చిందంటే రుబ్బు మెత్తబడలేదు, లేదా పిండటం చాలలేదు. గుప్పెడు బాదం వేడినీళ్లలో గంట నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండిన పాలు కలిపితే సరిపోతుంది, కార్న్‌ఫ్లోర్ జోలికి మాత్రం వెళ్లకండి. నాలుకకు గరుకుగా ఉంటే నీళ్లలో తడిపిన గుడ్డను రెండు మడతలు వేసి ఇంకోసారి వడకట్టండి. రంగు కాస్త బూడిదగా ఉంటే కంగారు వద్దు, నల్ల మిరియం, గులాబీ వేసిన థండాయ్ తెల్లగా ఉండదు. ఘాటు ఎక్కువైతే చక్కెర పోయడం వల్ల లాభం లేదు, చల్లటి పాలు కలిపి పలచబరచడమే దారి. పాలు కాగుతుండగానే విరిగితే తప్పు మసాలాది కాదు. పులుపు మొదలైన పాలు చల్లగా ఉన్నప్పుడు బాగానే కనిపిస్తాయి, వేడి తగలగానే బయటపడతాయి. అందుకే పండగనాడు పాలు విడిగా ముందు కాచి, అవి నిలిచాకే మిగతావి కలపాలి.

నిలవ విషయానికొస్తే, పచ్చి రుబ్బుతో చేసిన థండాయ్‌ని ఫ్రిజ్‌లో ఒక రోజు, మహా అయితే రోజున్నర ఉంచవచ్చు. బయట గంటన్నరకు మించి ఉంచకూడదు. హోలీ ఆడుతూ పెరట్లో గిన్నె పెట్టేసుకునేవాళ్లు దాన్ని ఐసు నింపిన టబ్బులో కూర్చోబెట్టండి, రంగు చేతులు తగలకుండా మూత కూడా.

ఎక్కువమందికి చేయాలంటే పండగ పొద్దున రుబ్బే పని పెట్టుకోకండి. రుబ్బి పిండిన గింజల పాలను రెండు మూడు రోజుల ముందే చేసి, లీటరు పాలకు ఒక పెట్టె చొప్పున ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. కరిగాక కాస్త విరిగినట్టు కనిపిస్తాయి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే కలిసిపోతాయి. పాలు మాత్రం ఆ రోజే కాచుకోవాలి.

ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే షర్బత్‌గా చేసుకోవడమే. ఈ కొలతకు రెట్టింపు గింజలు, మసాలాలు తీసుకుని, పాలు అసలు వాడకుండా నీళ్లతోనే రుబ్బి, రెండుసార్లు పిండి 500 మి.లీ. రాబట్టండి. అందులో కిలో చక్కెర వేసి, కలుపుతూ సన్నని మంట మీద తీగపాకం వచ్చేదాకా కాచి, చల్లారాక కుంకుమపువ్వు, పన్నీరు కలిపి పొడి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. చక్కెర అంత ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులకు పెరగడానికి నీరు అందదు. మూడు వారాల లోపు వాడేయండి, ఆ తరువాత చెడేది పాకం కాదు, అందులోని నూనె. గ్లాసు చల్లటి పాలకు మూడు టేబుల్ స్పూన్లు కలుపుకోవాలి. అప్పటికప్పుడు పిండిన దాని తాజాదనం ఇందులో ఉండదు, వచ్చినవాళ్లకు రెండు నిమిషాల్లో ఇవ్వడానికి మాత్రం ఇదే మేలు.

పొడి కొట్టి డబ్బాలో పెట్టుకునే పద్ధతి ఒకటి ఉంది గానీ దానికి ఓటు వేయలేను. పొడిగా గసగసం నలగదు, బాదం నానకపోతే పాలు దిగవు. గ్లాసు అడుగున ముద్దే మిగులుతుంది.

పిండగా మిగిలిన పిప్పిలో ఇంకా రుచి ఉంటుంది, పారేయకండి. అదే రోజు నెయ్యిలో దోరగా వేయించి రవ్వ కేసరిలో కలపవచ్చు, గోధుమపిండిలో కలిపి తియ్యటి రొట్టెలు చేసుకోవచ్చు. తడి పిప్పి మర్నాటికే పులుస్తుంది కాబట్టి ఆ రోజు కుదరకపోతే పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి.